రాతి మీద ఎవరి పేరు?

మనకి దేవుణ్ణి చూడటం వచ్చు గాని, దేవుడున్న ఇంటిని చూడటం రాదు. గుళ్లోకి వెళ్లగానే కళ్లు మూసుకుంటాం. మసీదు ముందునుంచి వెళ్తూ ఓ నమస్కారం పారేసి పోతాం. ఇక చర్చి సంగతి చెప్పనే అక్కర్లేదు. క్రిస్మస్‌కి రంగు దీపాలు పెడితే ఆగి, "అబ్బ, ఎంత బావుందో!" అనుకుంటాం. మిగతా రోజుల్లో అది ఆటోవాడికి చెప్పే ఒక గుర్తు, అంతే.

కథ వస్తే విమర్శిస్తాం, సినిమా వస్తే చీల్చి చెండాడుతాం. చీర కొనేటప్పుడు అంచు, పోగు, రంగు అన్నీ అరగంట బేరీజు వేసి గాని డబ్బు తియ్యం. మరి నూరేళ్లు దాటి మన వీధిలో నిలబడ్డ కట్టడాన్ని ఒక్కసారైనా తిరగేసి చూశామా? అందుకే ఈ వారం ఒక చర్చినీ, దానికి వేలు విడిచిన చుట్టంలాంటి ఒక గోరీల దొడ్డినీ చదివి చూద్దామనుకున్నాను. చదవడం అనే మాట కావాలనే వాడుతున్నాను. రాయి కూడా ఒక రాతే కదా!

అబిడ్స్ అంటే మనకి చీరలు, చెప్పులు, ఆదివారం పేవుమెంటు మీద పాత పుస్తకాలు. ఆ పేరే ఒక దుకాణదారుడిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో వుండిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన ఇక్కడ కొట్టు పెట్టాడు. కొట్టు ఎప్పుడో పోయింది, పేరు మాత్రం పేటకంతకీ పాకింది. పేరు ఎవరిది మిగులుతుంది, ఎవరిది చెరిగిపోతుంది అన్నదే చివరికి ఈ వ్యాసమంతా అవుతుంది. కాబట్టి ఆబిద్‌గారిని కాస్త గుర్తుంచుకోండి.

ఆ అబిడ్స్‌లోనే సెయింట్ జార్జి చర్చి వుంది. హైదరాబాదు నగరంలో అన్నిటికన్నా పాత చర్చి ఇదేనంటారు. దీని చరిత్ర 1844తో మొదలవుతుంది. పక్కనే వున్న సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు ఇంకా పెద్దది, 1834 నాటిది. ముందు బడి, తర్వాత గుడి! ఆ రోజుల్లో ఇటు అబిడ్స్ అనీ అటు కోఠీ అనీ వేరు వేరు పేర్లు లేవు. మూసీకి ఈవలి ఒడ్డంతా చాదర్‌ఘాట్ కిందే లెక్క. కోఠీలో ఇంగ్లీషువాళ్ల రెసిడెన్సీ వుండేది. దాన్ని ఆనుకుని బతికిన దొరలు, గుమాస్తాలు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఆదివారం పూట ప్రార్థనకి చేరిన చోటు ఇది. 1947లో, స్వాతంత్ర్యం వచ్చిన నెలా పదిహేను రోజులు తిరక్కుండానే, దక్షిణ దేశంలో ఆంగ్లికన్లు, మెథడిస్టులు మొదలైన శాఖలు కొన్ని కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. అప్పటినుంచి ఈ చర్చి ఆ సంఘానిది, మెదక్ అధ్యక్ష మండలంలోది. దొరలు వెళ్లిపోయారు, ప్రార్థన ఆగలేదు.

ఇలాంటి చర్చి గురించి ఎవరు రాసినా ఒకే మాట రాస్తారు: ఇంగ్లండులోంచి ఒక ముక్క కోసుకొచ్చి ఇక్కడ పెట్టినట్టుందని. ఈ మెచ్చుకోలు నాకు సుతరామూ నచ్చదు. ఎందుకో చెప్తాను.

ఆ ముక్క అనిపించడానికి కారణం కమానులు. రెండు వైపులనుంచీ వంపు తిరిగి వచ్చి పైన కోసుగా కలిసే కమాను గాథిక్ పద్ధతికి ప్రాణం. కాని గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి, కోసు కమాను చూడాలంటే హైదరాబాదు ఆడపిల్ల సీమకి వెళ్లాలా? గాజులు కొనడానికి చార్మినారు దగ్గరికి వెళ్లినప్పుడు తలెత్తితే చాలదూ? 1591లో కట్టిన చార్మినారుకి నాలుగు వైపులా వున్నవి కోసు కమానులే. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ గుమ్మటాల నిండా అవే. లండన్‌లో సెయింట్ పాల్ కెథెడ్రల్ కట్టిన క్రిస్టఫర్ రెన్ అంతటివాడే, ఈ గాథిక్ పద్ధతి అసలు మహమ్మదీయుల దగ్గర నేర్చుకున్నది, ఆ పేరుతోనే పిలవాలి అని వాదించాడు. పండితులు ఆ మాటని అటూ ఇటూ లాగి ఇప్పటికీ తగువాడుకుంటారు గాని, మన కంటికి మాత్రం సాక్ష్యం ఎదురుగానే వుంది. అబిడ్స్‌లో కోసు కమాను పరాయి ఇంటినుంచి వచ్చిన కోడలు కాదు, మేనరికం కోడలు!

దీన్ని రెసిడెన్సీతో పోల్చి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 1803లో జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ దొర మొదలుపెట్టించిన ఆ భవనం ముందు ఆకాశాన్నంటే గ్రీకు స్తంభాలు, ఇరవై పైచిలుకు మెట్లు, మెట్లకి అటూ ఇటూ సింహాలు. అక్కడ నిలబడితే మనిషి తనంతట తనే చిన్నబోతాడు. కట్టించినవాళ్లకి కావలసిందీ అదే. అధికారం చలాయించే ఇల్లు గ్రీకు వేషం వేసుకుంది. ప్రార్థన చేసుకునే ఇల్లు మాత్రం, తెలిసో తెలియకో, ఈ వూరి కమానుకి దగ్గరగా వచ్చింది. ఇది నాకు పెద్ద విశేషంగా తోస్తుంది.

అలాగని అంతా మెచ్చుకోవడానికి లేదు. గాథిక్ పద్ధతి పుట్టింది వెలుతురు కరువైన దేశాల్లో. అక్కడ గోడ తగ్గించి కిటికీ పెంచుతారు, కిటికీకి రంగుటద్దాలు బిగించి, దొరికిన కాస్త ఎండనీ పండగ చేసుకుంటారు. మనకి ఎండ కరువేమిటి, నెత్తి మాడేటంత! ఇక్కడ ఎండని లోపలికి పిలవడం కాదు, గుమ్మం బయట నిలబెట్టడం కావాలి. అందుకని మన దేశంలో కట్టిన గాథిక్ చర్చీలకి రూపం ఒకటి, అవసరం ఒకటి. గోడలు మందంగా, కిటికీలు సన్నగా, ముందు ఓ నీడపట్టు. చిత్రకారుడు చూస్తే, "ఇది అసలు గాథిక్ కాదు" అని పెదవి విరుస్తాడు. మే నెలలో ముసలమ్మ లోపల బల్ల మీద కూచుంటే, "అమ్మయ్య" అంటుంది. నా ఓటు ముసలమ్మకే.

ఇక్కడినుంచి కాస్త నడిస్తే గన్‌ఫౌండ్రీ. తోప్ కా సాంచా అని పాతవాళ్లంటారు. రెండో నిజాం కొలువులో వున్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫిరంగులు పోత పోయించిన చోటు. ఫిరంగుల పేట నడుమనే సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ వెలిసింది. ఇటలీ పాదిరీలు కట్టించిన రోమన్ కాథలిక్ చర్చి ఇది. 1875 క్రిస్మస్ రోజున తెరిచారు. జంట గోపురాలతో వున్న ముఖభాగం తర్వాత చేర్చినది. గంటలు ఇటలీనుంచి వచ్చాయి. సెయింట్ జార్జితో పోలిస్తే ఇది వీధితో మాట్లాడే చర్చి. మన వూళ్లల్లో గాలిగోపురం ఎలాగైతే బజారునుంచే "రండి" అంటుందో, ఆ జంట గోపురాలూ అలాగే అంటాయి. సెయింట్ జార్జి అలా పిలవదు. వచ్చినవాళ్లకి చోటిస్తుంది, రానివాళ్ల జోలికి పోదు. అందంలో మార్కులు వెయ్యమంటే కెథెడ్రల్‌కే ఒకటి ఎక్కువ వేస్తాను. నెమ్మదికి మాత్రం చిన్నదానికే.

పెద్ద చర్చీల ముచ్చట వచ్చింది గనక మెదక్ మాట కూడా చెప్పాలి. పాదిరి చార్లెస్ వాకర్ పాస్నెట్ పదేళ్లు కట్టించిన ఆ కెథెడ్రల్‌ని 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో ఆకలితో వచ్చిన జనానికి పని చూపించి, కూడు పెట్టి కట్టించిన కట్టడం అది. నూట డెబ్బయ్యయిదడుగుల గోపురం, మూడు పక్కలా రంగుటద్దాల కిటికీలు. కట్టించిన పాదిరి పేరు మనందరికీ తెలుసు. కిటికీ బొమ్మలు వేసిన ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరూ పుస్తకాల్లో వుంది. ఆ రాళ్లు మోసిన చేతుల పేర్లు ఎవరికి తెలుసు? ఇదిగో, ఇక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. కట్టడం ఎవరు కట్టారో చెప్పదు. ఎవరు పోయారో చెప్పే చోటు ఒకటుంది, అది గోరీల దొడ్డి.

ఇంగ్లండులో చర్చి అంటే చుట్టూ గోరీలు వుండి తీరాలి. గుడికి కోనేరులాగ. ఆదివారం ప్రార్థనకి వచ్చినవాళ్లు తాత ముత్తాతల మధ్యనుంచి నడిచి లోపలికి వెళ్తారు. హైదరాబాదులో దొరల పాత గోరీలు చూడాలంటే మాత్రం చర్చి ఆవరణ దాటి కోఠీ వెళ్లాలి. రెసిడెన్సీ ఆవరణలోనే ఒక మూల చిన్న శ్మశానం వుంది. 1856లో ఉద్యోగంలో వుండగానే ఇక్కడ కన్ను మూసిన రెసిడెంటు జార్జి అలెగ్జాండర్ బుష్బీ అక్కడే వున్నాడు. చాలాకాలం ముళ్లకంపల్లో పడి వుండిన చోటు అది. రెసిడెన్సీ భవనాన్నే 2002లో ప్రపంచ కట్టడాల నిధివాళ్లు ప్రమాదంలో వున్నవాటి జాబితాలో చేర్చవలసి వచ్చిందంటే, ఇక మూలనున్న గోరీలని ఎవరు తలుస్తారు?

ఆ కాలపు దొరల గోరీలకి దేశమంతా ఒకే భాష. పైకి పోను పోను సన్నబడే నాలుగు పలకల స్తంభం, గుడ్డ కప్పిన కలశం, మధ్యకి విరిగిన కంబం, లేదంటే బల్లలాంటి రాయి. విరిగిన కంబమంటే నడి వయసులో పోయారని అర్థం. ఇందాక చెప్పిన రేమండ్‌కి కూడా అలాంటి స్తంభమే కట్టారు, సరూర్‌నగర్ వైపు గుట్ట మీద. 1798లో పోయాడు. దాని మీద పేరుకి బదులు రెండే అక్షరాలు.

శిల్పం పక్కన పెట్టి రాత చదివితే కథ మారిపోతుంది. మగవాడి రాయి మీద ఉద్యోగం, పటాలం, ఎన్నేళ్లు సేవ చేశాడు, ఎంత ధీరుడు, అన్నీ వుంటాయి. ఆడదాని రాయి మీద "ఫలానావారి ప్రియమైన భార్య" అని. పసివాడి రాయి మీద "ఫలానావారి శిశువు" అని. కలకత్తా, మద్రాసు, మచిలీపట్నం, ఎక్కడి పాత ఇంగ్లీషు గోరీల దొడ్డి చూసినా ఇదే వరస. కలరా వచ్చో, కానుపు కష్టమయ్యో పోయిన ఇరవై ఏళ్ల పిల్ల, ఆమె ఎవరో చెప్పడానికి మొగుడి హోదా ఒక్కటే ఆధారం. చర్చి రిజిస్టరు కూడా అంతే. 1813 నుంచి ఇంగ్లండు చర్చిలో బాప్తిస్మాలు రాయడానికి అచ్చు ఫారాలు వచ్చాయి. అందులో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, ఊరు, తండ్రి వృత్తి రాస్తారు. తల్లి పేరుంటుంది గాని, ఆమె పుట్టింటి ఇంటిపేరుకి గడి లేదు. పెళ్లయిన మర్నాటినుంచి ఆవిడ ఎక్కడినుంచి వచ్చిందో కాగితానికి అక్కర్లేదు!

దొరల ఇంట్లో పుట్టినవాళ్ల సంగతే ఇలా వుంటే, ఈ నేల మీద పుట్టినవాళ్ల మాటేమిటి? రెసిడెన్సీ కట్టించిన కర్క్‌పాట్రిక్, హైదరాబాదు గొప్పింటి పిల్ల ఖైరున్నీసాని పెళ్లి చేసుకున్నాడు. పెద్ద భవనం వెనకాల ఆమెకి రంగ్‌మహల్ అని జనానా కట్టించాడు. ఘోషా వల్ల ఆమె ముందుకి వచ్చి భవనాన్ని చూడలేదు కనక, దాని నమూనాని చిన్నదిగా చేయించి ఆమె తోటలో పెట్టించాడని చెబుతారు. భవనం చూడ్డానికి వెళ్లలేని ఇల్లాలికి బొమ్మ భవనం! 1805లో ఇద్దరు పిల్లల్నీ సీమకి ఓడ ఎక్కించారు. ఆ ఏడే కర్క్‌పాట్రిక్ కలకత్తాలో పోయాడు. పిల్లలు మళ్లీ తల్లిని చూడలేదు. ఆమె 1813లో, ముప్పయ్యేళ్లయినా నిండకుండా, హైదరాబాదులోనే కన్ను మూసింది. కూతురు కిట్టీ ఇంగ్లండులో పెరిగి పెద్దదై, 1840లలో అమ్మమ్మ షరఫున్నీసాకి ఉత్తరాలు రాసింది. తర్వాతి రెసిడెంట్ల కాలంలో రంగ్‌మహల్‌ని పడగొట్టారు. బొమ్మ భవనం మిగిలింది. ఆ ఇంటి ఇల్లాలి పేరు చెక్కిన రాయి మాత్రం ఆ గోరీల్లో లేదు. మతం వేరు కాబట్టి అక్కడ వుండటానికి వీల్లేదు, నిజమే. అయినా చూసేవాళ్లకి ఆ లేని రాయే అన్నిటికన్నా ఎత్తుగా కనిపిస్తుంది.

అదే రెసిడెన్సీ మీదికి 1857 జూలై 17న దండెత్తిన తుర్రేబాజ్ ఖాన్‌ని, 1859లో చంపి శవాన్ని నలుగురూ చూసేలా వేలాడదీశారు. అలా వేలాడదీసిన కాలమే బుష్బీ గోరీ మీద రాయి నిలబెట్టింది. ఆ రెండూ కలిపి చదివితే గాని చరిత్ర పూర్తికాదు.

ఇదంతా చెబుతుంటే మా వదిన విసుక్కుంది.

"ఏమిటమ్మా నీ చాదస్తం! మనకి ఈ రాళ్లూ రప్పలూ లేవు. బూడిద గోదాట్లో కలిపి, స్నానం చేసి ఇంటికొస్తాం. ఎవరి పేరు ఏ రాయి మీదుంటే మనకెందుకు?"

"సరే వదినా, మీ అమ్మమ్మ వుంది కదా, ఆవిడ తల్లి పేరేమిటి?"

వదిన చాలాసేపు ఆలోచించింది. "తణుకు మామ్మ అనేవాళ్లమే..."

"అది ఊరి పేరు. ఆవిడ పేరు?"

"ఏమో! పెద్దవాళ్లని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు?"

నిజమే, ఎవరూ పిలవరు. పిలవకపోతే పేరు ఎలా నిలుస్తుంది? తద్దినాలు పెట్టే ఇళ్లల్లో తల్లి తద్దినంనాడు తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు, ముగ్గురి పేర్లూ గోత్రంతో సహా చెప్పి పిండం పెడతారు. మన దగ్గర ఆడదాని పేరు మూడు తరాలు నిలిపింది ఆ మంత్రం ఒక్కటే. చూశారా, రాయి కన్నా నోరే గట్టిది! కాని అక్కడా గోత్రం మొగుడిదే, పుట్టింటిది కాదు. నాలుగో తరం వస్తే ఆ పేరూ జారిపోతుంది. ఇక అమ్మమ్మ తల్లి సంగతి, కూతురి కూతురు తలుచుకోవాలే గాని మరో దారి లేదు. దొరసాని రాయి మీద పుట్టింటి పేరు లేదని నవ్వడానికి మనకి హక్కు లేదు సుమండీ.

క్రైస్తవుల ఇళ్లల్లో ఒక మంచి అలవాటుంది. నవంబరు 2న, కొన్ని ఊళ్లల్లో ఈస్టరు తెల్లవారుజామున, సమాధుల తోటకి వెళ్లి గోరీలు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పిల్లల చేత రాళ్ల మీద పేర్లు చదివిస్తారు. ఇక్కడికి దగ్గర్లోనే, నాంపల్లిలో యూసుఫైన్ దర్గా వుంది. 1905లో పోయిన ఉర్దూ కవి దాగ్ దెహల్వీ అక్కడ వున్నాడు, 1900లో పోయిన అమీర్ మీనాయీ అక్కడే వున్నాడు. పద్యం తెలిసినవాళ్లు వెతుక్కుంటూ వెళ్తారు. గోరీ అలంకారం ఎంత వుందన్నది కాదు, వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారా లేదా అన్నదే దాని ఆయుష్షు. సెయింట్ జార్జి చర్చి ఇన్నేళ్లు బతికిందంటే కమాను గట్టిదని కాదు, ప్రతి ఆదివారం బల్లలు నిండాయి గనక. కోఠీ గోరీలు ముళ్లపాలయ్యాయంటే రాయి మెత్తదని కాదు, పిలిచేవాళ్లు ఓడెక్కి వెళ్లిపోయారు గనక.

ఇక నా తీర్పు. కట్టడంగా సెయింట్ జార్జి గొప్పదని చెప్పను. గొప్ప కావాలంటే మెదక్ వెళ్లండి, దర్జా కావాలంటే గన్‌ఫౌండ్రీ వెళ్లండి. ఇది మర్యాద తెలిసిన కట్టడం. పరాయి రూపంతో వచ్చి, ఈ ఎండకి తలొంచి, ఈ జనానికి అప్పగించుకుని బతికింది. గోరీల దొడ్డికి మాత్రం అంత మార్కులు వెయ్యలేను. శిల్పం బావుంది, చెక్కిన అక్షరం బావుంది, చెప్పిన సంగతి సగమే. సగం చెప్పిన పుస్తకాన్ని పారెయ్యకూడదు, మిగతా సగం మనం రాయాలి.

అందులో కొంత రాయడం జరిగింది కూడా. 1924లో నాంపల్లిలో మొదలైన ఆడపిల్లల కాలేజీ 1949లో ఆ రెసిడెన్సీ భవనంలోకి మారింది. ఘోషా ఇల్లాలు ముందునుంచి చూడలేకపోయిన ఆ సింహాల మెట్ల మీద, వేలమంది ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని కూచుని కబుర్లు చెప్పుకున్నారు. మీలో కొందరు కూడా కూచునే వుంటారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. తర్వాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన పొలం కోసం, తన పంట కోసం దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచిన ఐలమ్మ. ఎవరి భార్యగానో కాదు, తన పేరుతోనే.

బుష్బీ దొర గోరీ ఇప్పుడు ఐలమ్మ ఆవరణలో వుంది. ఈసారి అబిడ్స్‌కి చీరలకి వెళ్లినప్పుడు ఒక్క పది నిమిషాలు చర్చి ముందు ఆగి ఆ కమాను చూడండి. ఇంటికొచ్చాక అమ్మని, అమ్మమ్మని అడిగి, వాళ్ల అమ్మల పేర్లు ఓ కాగితం మీద రాయించుకోండి. పుట్టింటి ఇంటిపేరుతో సహా.